కాదే, మర

తిరువళ్ళూరు
జూన్ 8, ఆదివారం

ఏకాంబరం అన్నకు,

నువ్వు బతికే ఉన్నావని పెద్దమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. పదకొండు వాయిస్ మెసేజులు పెట్టాను. ఒక్కటీ వినలేదు నువ్వు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఆఖరికి మీ ఇంటికి చేస్తే పెద్దమ్మ అంటుంది: "వాడు సెల్లు ఎవురికో ఇచ్చేసినాడు మే. కావాలంటే జాబు రాయమన్నాడు, తెలుగులో." జాబంట! మన తాతల కాలం అనుకున్నావా? అడ్రసు మాత్రం తమిళంలో రాశాను. లేకుంటే ఈ కవరు తిరుత్తణిలో దిగకుండా తిరుపతికి పోయి గుండు కొట్టించుకొని వస్తుంది.

కంపెనీ బస్సు కిటికీ అద్దం మీద దుమ్ములో వేలితో రాసి నువ్వు నేర్పిన అక్షరాలే ఇవి. తప్పులుంటే నీవే. మంచిదే ఒకందుకు, హాస్టల్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. వార్డెన్ ఇంద్రాణి అక్క ఇప్పటికే తొంగి చూసి "ఏందిది, జిలేబీలు చుట్టినట్టు" అని పోయింది.

సంగతికి వస్తాను. 'తురు' బ్యాండు కొత్త ఆల్బం వచ్చింది. ఏడేళ్ళ తర్వాత. నీకు తెలుసో లేదో, సెల్లు పారేసుకున్న మహానుభావుడివి. శుక్రవారం పొద్దున వదిలారు. నేను మొదటి షిఫ్టు దిగి రెండుంబావు బస్సులో మన సీట్లోనే కూర్చొని పెట్టుకున్నాను. తురు అంటే ఎవరన్నా! తమిళంలో పేరే తుప్పు. ఆవడి మైదానంలో రేకులు కొట్టి, గ్రైండింగ్ మిషన్ని ఇనుప పట్టీకి ఆనించి, ఆ నిప్పురవ్వల్లో వరదన్ గొంతు చించుకుంటే నాకు పదిహేడేళ్ళకు మొదటిసారి 'మా సంగతి కూడా పాడతారా ఎవరైనా' అనిపించింది. నువ్వే కదా తీసుకుపోయావు. మా అమ్మతో ట్యూషన్ అని అబద్ధం చెప్పావు.

ఇప్పుడేముందో చెప్పనా? హార్మోనియం.

రేకు లేదు, సుత్తి లేదు, డ్రిల్లు లేదు. ఎనిమిది పాటలు, అన్నీ గుసగుసలే. మొదటి పాటలో నలభై సెకన్లు ఏమీ లేదు, ఊరికే గాలి. మన కడుపుమంటని పాడినవాళ్ళు ఇప్పుడు జోల పాడుతున్నారు. ఎవరికి జోల? ఇనుప రేకుల మీద నిమిషానికి ఇరవై దెబ్బలు కొట్టే ప్రెస్సు దగ్గరినుంచి వచ్చినదానికి జోల ఎందుకు? వాళ్ళకు వయసైపోయింది, ఇల్లు కట్టుకున్నారు, కారు కొన్నారు, ఇంకేముంది. ఆ కారు తలుపు మడతబందు నా చేతి కిందనుంచే పోయి ఉంటుంది.

అదీకాక రికార్డింగ్ కూడా చేతకాలేదు. పాటల కింద సన్నగా ఒక కూత. ఎనిమిదింటిలోనూ. దోమ చెవి దగ్గరికొచ్చి పోకుండా అక్కడే నిలబడినట్టు. ఏడేళ్ళు తీసుకొని ఆ కూతను కూడా తుడవలేకపోయారు. ఛీ.

మర్చిపోయాను, నువ్వు పోయిన కొన్నాళ్ళకే నన్ను నాలుగో నెంబరు ప్రెస్సుకు మార్చారు. నీ ప్రెస్సే. ఆడదాన్ని పెట్టడం అదే మొదలంట. సూపర్‌వైజర్ పెరుమాళ్ "మీ అన్న మిషను, మీ ఇంటి సొత్తు కదా" అన్నాడు. మిషను ముందుండే గార్డు రేకు మీద నువ్వు మేకుతో గీకిన 'తురు' అలాగే ఉంది. గర్వంగా ఉంది, ఒప్పుకుంటాను.

పోయిన అక్టోబరులో చెప్పకుండా ఎందుకు పోయావన్నా? ఎనిమిదేళ్ళ ఉద్యోగం వదిలి కొండ కింద ఏం చేస్తున్నావు? బస్సులో పక్క సీటు ఖాళీ. ఇయర్‌ఫోన్ రెండోది ఊరికే వేలాడుతోంది.

జవాబు రాయి. రాయకపోతే వచ్చి తంతాను.

యువరాణి

* * *

తిరుత్తణి
జూన్ 17

యువాకు,

తన్నడానికి వస్తే రా, కొండ గుడి మెట్ల కింద ఎడమ పక్కన చెప్పుల స్టాండులో ఉంటాను. మన మునెయ్య మామ ఆ స్టాండు వేలంలో పట్టాడు. టోకెన్ ఇచ్చి చెప్పులు తీసుకోవడం, టోకెన్ తీసుకొని చెప్పులు ఇవ్వడం. నెంబరు చదవడం వస్తే చాలు. నీ అన్నకు అంతకన్నా సరిపోయే పని లేదు.

ఎందుకు వదిలానంటే విసుగొచ్చింది. మనిషికి విసుగు రాకూడదా? ఇక్కడ గాలి బాగుంది. కొండ మీదికి పోయేవాళ్ళు బరువు ముఖాలతో పోతారు, దిగేటప్పుడు తేలిగ్గా దిగుతారు. నేను ముఖాలు బాగా చూస్తున్నాను ఈ మధ్య. నోరు తెరవకముందే ఎవరికి ఏం కావాలో తెలిసిపోతుంది. మొన్న ఒకామె వేరేవాళ్ళ కొత్త చెప్పులు చూపించి అవే తనవంది. ముఖం చూసి "నీవి పాతవి తల్లీ" అన్నాను. నవ్వేసి పాతవే వేసుకొని పోయింది.

ఆల్బం నేను వినలేదు. సెల్లు లేదు కదా. వినాలని కూడా లేదు, ఏమీ అనుకోవద్దు. నువ్వే రాయి. ఏ పాటలో ఏ మాటలున్నాయో రాయి. చదువుకుంటాను. తిట్టకుండా రాయలేవని తెలుసు, తిడుతూనే రాయి.

ఆ కూత ఎట్లుంటుంది? దోమ అన్నావు. సన్నగా ఉంటుందా, ఒకటే పట్టుగా ఉంటుందా, పెరుగుతూ తగ్గుతూ ఉంటుందా? రెండు చెవుల్లోనా, ఒకదాంట్లోనా? ఊరికే అడుగుతున్నాను.

నాలుగో నెంబరుకు ఎందుకు మారావు? ఇన్‌స్పెక్షన్లో బాగానే ఉండినావు కదా. పెరుమాళ్‌ని అడిగి వెనక్కి పో. ఎండాకాలం ఆ మూలన ఉడికిపోతారు. పోనంటే చెవుల్లో దూదన్నా పెట్టుకో.

భోంచేస్తున్నావా?

ఏకాంబరం

* * *

తిరువళ్ళూరు
జూన్ 26

అన్నకు,

వినాలని లేదా? నీకా? జీతం వచ్చిన రోజు మందు షాపుకు పోకుండా హెడ్‌ఫోన్ కొన్నవాడివి నువ్వు. జాబంతా చెప్పులు, ముఖాలు, గాలి. నిన్ను ఎవరో మార్చేసి పెట్టారు. తురు వాళ్ళలాగే నువ్వూ హార్మోనియం అయిపోయావు.

ఎండాకాలం అయిపోయింది. దూది చిన్నపిల్లలకు పెట్టు. సద్దు తగలకుండా చెవులు మూసే ఇయర్ మఫ్‌లు ఎప్పటిలాగే ఆడిట్ రోజున పసుప్పచ్చగా బయటికొస్తాయి, సాయంత్రం పెరుమాళ్ వెనక్కి తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. అవి మాకోసం కాదు, ఫోటో కోసం. నీకు తెలియనిదా?

సరే, మాటలు అడిగావు కాబట్టి రాస్తాను. ఆల్బం పేరే ఆఖరి పాట. పదకొండు నిమిషాలు. అందులో ఉన్నది ఇంతే:

కాదే... మర...
కాదే... మర...

ఇంకేం లేదు. హార్మోనియం ఒకటే సుతి పట్టుకొని ఉంటుంది, వరదన్ ఊపిరి తీస్తూ అదే అంటాడు. రెండొందల సార్లు అని ఉంటాడు. 'మర' అంటాడు, మరిచిపోవాలంట! ఎవడిని మరిచిపోవాలి? వేళ్ళు పోయినవాళ్ళనా? ఇదే నోటితో ఏడేళ్ళ కింద "ప్రతి దెబ్బా గుర్తుపెట్టుకో" అని అరిచాడు.

తురు అభిమానుల గ్రూపులో యుద్ధం జరుగుతోంది. రెండొందల మంది రెండు ముక్కలయ్యారు. ఆవడి చంద్రు ఉన్నాడు కదా, అడ్మిను, వాడు "ఇది ధ్యానం, నీలాంటి వాళ్ళకు అర్థం కాదు" అంటాడు. నేనన్నాను, "ధ్యానం ఎవడిక్కావాలి, ఎనిమిది పాటల్లోనూ కూత ఉంది, ముందు అది తుడవమను." అంతే, అందరూ నా మీద పడ్డారు. "ఏ కూత?" "ఏ పాటలో?" చంద్రు అయితే, "కుక్కర్ విజిలేమో చూడక్కా, అన్నం అడుగంటుతుంది" అని పెట్టాడు. నూరు మంది నవ్వు బొమ్మలు. చెవిటి గుంపు.

ఎట్లుంటుందని అడిగావు. దోమ కాదు, ఇంకా సన్నం. పాత టీవీ పెట్టి సౌండు మూసేస్తే ఒకటి వినిపించేది చూడు, అది. పెరగదు, తగ్గదు. కుడి పక్క ఎక్కువ. పాట మెల్లగా అయ్యేకొద్దీ బాగా వినిపిస్తుంది. పాత ఆల్బంలు పెట్టి చూశాను, వాటిల్లో లేదు. అంటే ఈ కొత్తదాంట్లోనే తప్పు. నేను చెప్పింది సరే కదా? నువ్వొక్కడివి సరే అను చాలు. ఆ రెండొందల మందితో నాకు పనిలేదు.

యువరాణి

* * *

తిరుత్తణి
జూలై 5

యువా,

నువ్వు రాసిన పాట చదివాను. తప్పుగా అర్థం చేసుకున్నావనిపిస్తోంది. మరిచిపొమ్మని యాడుంది ఇందులో? నువ్వే రాశావు కదా: కాదే, మర. అది కాదే, మర. మన తులసమ్మ అవ్వ రైసు మిల్లును ఏమనేది? "మర కాడికి పోయి వడ్లు ఆడించుకోని రా." మర అంటే మిషనే కదా. వరదన్ది కూడా ఆర్.కె.పేట పక్క తెలుగిల్లు అని విన్నాను ఎప్పుడో. "వేరే ఏదో కాదే, అంతా ఈ మర వల్లే" అని పాడుతున్నాడు. నాకట్లే అర్థమైంది. బాగుంది పాట. ఏడేళ్ళలో ఇంతకన్నా చెప్పడానికేముంది?

ఇంకొక సంగతి. ఒక పని చెయ్యి. నవ్వొద్దు, ఎందుకని అడగొద్దు.

ఇయర్‌ఫోన్ తీసెయ్యి. ఫోన్ ఆపి కింద పెట్టెయ్యి. తెల్లవారి హాస్టల్ మిద్దె మీదికి పో. మీకు పక్కనే స్టేషను, రెండు రైళ్ళకు నడుమ కాసేపు సద్దు ఉండదు. అప్పుడు ఊరికే నిలబడు. ఏం వినిపించిందో రాయి.

అబద్ధం రాయొద్దు మే.

ఏకాంబరం

* * *

తిరువళ్ళూరు
జూలై 13, ఆదివారం

అన్నకు,

ముందు నీ పాట సంగతి. చదివి బస్సులో పగలబడి నవ్వాను, పక్కనున్న మంజు భయపడింది. ఆ పాట తమిళం అన్నా. తమిళంలో 'కాదు' అంటే చెవి. 'మర' అంటే మరిచిపో. 'ఓ చెవీ, మరిచిపో' అంటున్నాడు. నేను తెలుగు అక్షరాల్లో రాసేసరికి నువ్వు తెలుగుగా చదివేశావు. పెద్ద 'ర' చిన్న 'ర' తేడా నువ్వు నేర్పలేదు, నేను రాయలేదు. కానీ ఒక్కసారి విని ఉంటే నీకే తెలిసేది. వరదన్ గొంతులో ఆ 'ర' రాయి దొర్లినట్టు దొర్లుతుంది. రోజుకు ఇరవై పాటలు వినేవాడివి, ఈ ఒక్క పాట ఎవరి ఫోన్లోనైనా అడిగి వినొచ్చు కదా. ఎందుకు వినలేదు?

నువ్వు చెప్పిన పని వెంటనే చేయలేదు. ఎందుకో చేయాలనిపించలేదు. దానికి బదులు నిన్న సాయంత్రం ఆవడికి పోయాను. గ్రూపు వాళ్ళు స్టేషను బయట టీ కొట్టు దగ్గర కలుస్తామన్నారు. పద్నాలుగు మంది వచ్చారు. చంద్రు మంచి స్పీకరు తెచ్చాడు. అందరినీ నిలబెట్టి నేనే ఆఖరి పాట పెట్టాను.

"ఇదిగో, ఇప్పుడు, మూడో నిమిషం. వినపడిందా?"

"లేదక్కా."

"బాగా విను. హార్మోనియం పైన. ఈఈఈ అని."

జనని అని ఒక పిల్ల, కాలేజీ, సంగీతం నేర్చుకుందంట, కళ్ళు మూసుకొని మళ్ళీ మళ్ళీ వినింది. "సత్యంగా లేదక్కా, శుద్ధంగా ఉంది" అంది. చంద్రు ఫోన్లో సద్దును బొమ్మగా గీసే ఏదో యాప్ పెట్టి గీతలు చూపించాడు, పైన అంతా నల్లగా ఖాళీ. "చూడు, నువ్వు చెప్పే చోట ఏమీ లేదు. పోయి చెవి చూపించుకో అక్కా" అన్నాడు. ఈసారి నవ్వలేదు వాడు. అదే నాకు కాలింది. నవ్వి ఉంటే కొట్టి ఉండేదాన్ని.

"మీకందరికీ చెవుడు" అని అరిచి వచ్చేశాను. టీ తాగకుండా. ఆవడి నుంచి తిరువళ్ళూరు దాకా రైల్లో తలుపు దగ్గర నిలబడే వచ్చాను. పద్నాలుగు మంది ఒక మాట, నేనొక్కదాన్ని ఒక మాట. అయినా నాదే నిజమని, తిరుత్తణిలో ఒకడున్నాడు, వాడు సరే అంటాడని అనుకున్నాను.

ఈరోజు తెల్లారి మిద్దె ఎక్కాను. అరక్కోణం పోయే బండి పోయింది. తర్వాతది రాలేదు. గుడ్డలు ఆరేసే తీగ, నీళ్ళ ట్యాంకు, నేను. ఫోన్ కింద రూములో ఉంది.

ఉందన్నా.

పాట లేదు, ఇయర్‌ఫోన్ లేదు. కూత ఉంది. అదే పట్టులో. కుడి పక్క ఎక్కువ. అరచేతులతో చెవులు మూసుకుంటే తగ్గలేదు, పెరిగింది.

ఇంద్రాణి అక్క చీర ఆరేయడానికి వచ్చి "ఏం మే, దేవుని మొక్కుతుండావా" అంది. కాదక్కా అన్నాను. అన్నాక నోట్లో ఆ మాట అట్లే నిలిచిపోయింది. కాదు.

నీకెట్ల తెలుసు? నేను జూన్‌లో ఒక్క మాట రాస్తే, రెండు చెవుల్లోనా ఒకదాంట్లోనా అని ఎట్ల అడిగావు?

యువరాణి

* * *

తిరుత్తణి
జూలై 19

యువా,

పాట కాదే. మర.

తప్పుగా చదివినా సరిగ్గానే చదివాను చూడు.

నాకు నాలుగేళ్ళ కింద మొదలైంది. నీకు లాగే, కుడి పక్క. నాలుగో నెంబరు దగ్గర నిలబడితే దెబ్బ కుడి పక్కనుంచే వస్తుంది. షిఫ్టు అయ్యాక ఒక గంట ఉండేది. తర్వాత నిద్రపోయేదాకా. తర్వాత లేచాక కూడా. ఎవరికీ చెప్పలేదు. తురు పాటలు గట్టిగా పెట్టుకుంటే ఆ కూత మునిగిపోయేది. నీకు ఎడమ ఇయర్‌ఫోన్ ఇచ్చి నేను కుడిది పెట్టుకునేవాడిని కదా, అందుకే. నువ్వు "తగ్గించన్నా, చెవి పగులుతుంది" అంటే "మెల్లగా వింటే తురుకు అవమానం" అనేవాడిని. నీకు నేర్పింది అది. అక్షరాలతో పాటు.

ఆ తర్వాత మాటలు రాలిపోవడం మొదలైంది. గొంతు వినిపిస్తుంది, మాట అందదు. పండు పుచ్చినట్టు, పైన బాగుంటుంది, లోపల ఉండదు. పెదాలు చూసి తెలుసుకునేవాడిని. క్యాంటీన్లో జోకులకు అందరూ నవ్వాక నవ్వేవాడిని. పోయిన అక్టోబరులో నాతో పనిచేసే బాలసుబ్రమణ్యం ప్రెస్సు కింది అచ్చు, డై, సర్దడానికి లోపలికి చెయ్యి పెట్టి "నిల్లు నిల్లు" అని అరిచాడు. నాకు వినపడలేదు. కాలు పెడల్ మీద ఉంది, తొక్కేశాను. వాడే చెయ్యి లాక్కున్నాడు. చొక్కా చెయ్యి మాత్రం పోయింది, గుడ్డ. ఆ గుడ్డ ముక్క డై మీద అట్టలాగా అతుక్కొనింది చూసి నేను కూర్చుండిపోయాను.

మర్నాడు ఆఫీసుకు పిలిచారు. కాగితం ఇచ్చి 'సొంత కారణాల వల్ల' అని రాయమన్నారు. రాసి ఇచ్చాను. చెవి సంగతి రాస్తే వాళ్ళకు కేసు, నాకు పేరు. కన్ను పోతే పాపం అంటారు. చెవి పోతే నవ్వుతారు. చెవిటోడి ముందు శంఖం ఊదితే, వాడు "ఏందో కొరుకుతుండాడే" అన్నాడంట. మన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకొని నవ్వాము దాన్ని. ఆ చెవిటోడు ఇప్పుడు నేను.

ఫోన్ ఇచ్చేసింది అందుకే. ఫోన్ ఉంటే మోగకపోయినా వణుకుతుంది, ఎత్తాలనిపిస్తుంది. ఎత్తి హలో అన్నాక ఏం చేయను? నీ పదకొండు మెసేజులు వినలేదన్నావు. ఫోన్ ఇచ్చేసే ముందు పదకొండూ చెవికి పెట్టుకున్నాను. నీ గొంతు అని తెలిసింది. అంతే తెలిసింది. చెప్పుల దగ్గర కూర్చున్నాను, ఎవరేం చెప్పినా అందదు. ఉత్తరం అయితే అందుతుంది. నీ కోపం కూడా అక్షరాల్లో వినిపిస్తుంది నాకు.

అసలు దాచింది ఇది కాదు. నువ్వు నాలుగో నెంబరుకు మారానని రాసిన రోజే, ఈ కూత సంగతి రాసిన రోజే నాకు తెలిసిపోయింది. ఆ రోజే పరిగెత్తుకొని వచ్చి నిన్ను చెయ్యి పట్టి లాగాల్సింది. దూది పెట్టుకో అని రాసి ఊరుకున్నాను. చెప్తే నా చెవి సంగతి చెప్పాలి కదా అని. నిన్ను ఆ కంపెనీలో చేర్పించింది నేను. ఇట్లా నలభై రోజులు పోయాయి. నలభై రోజులు నువ్వు ఆ దెబ్బ తిన్నావు.

ఆ మర దగ్గరికి పోవద్దు. డాక్టరు దగ్గరికి పో. తర్వాత నన్ను ఏమైనా అను.

ఏకాంబరం

* * *

తిరువళ్ళూరు
జూలై 24

ఏకాంబరానికి,

అన్న అని రాయడం లేదు.

జాబు మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి నీకోసం ఏడ్చాను. మూడోసారి నలభై రోజులు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

సిగ్గుపడ్డావు. నీ సిగ్గుకు నా చెవి సరిపోయిందా? కంపెనీ దొంగ అని నాకు ముందే తెలుసు. వాళ్ళు మఫ్ బీరువాలో దాస్తారు. నువ్వు నిజాన్ని కడుపులో దాచావు. తాళం వేసినవాళ్ళంతా ఒకటే.

పెద్దాసుపత్రికి పోతున్నాను. జవాబు రాయొద్దు.

యువరాణి

* * *

తిరుత్తణి
ఆగస్టు 17

యువాకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నిన్న ఆడి కృత్తిక, కొండ మీది స్వామి పండగ. కావళ్ళు ఎత్తుకొని వేలమంది. స్టాండులో కాలు పెట్టే చోటు లేదు. డప్పులు, మేళాలు, అరోహరా అని అరుపులు, అందరి నోళ్ళూ తెరిచి ఉన్నాయి. నాకు నేల మాత్రం అదిరింది, అరికాళ్ళలో. పైన కూత ఒక్కటే. అంతమంది నడుమ బావిలో కూర్చున్నట్టుంది.

సాయంత్రానికి ఒక జత మిగిలిపోయింది. ఆడపిల్ల చెప్పులు, సైజు అయిదు, నీ సైజు. టోకెన్ తీసుకొని ఎవరూ రాలేదు. మునెయ్య మామ పారెయ్యమన్నాడు. పారేయలేదు.

డాక్టరు ఏమన్నారు? ఒక్క ముక్క రాయి. తిట్టే రాయి.

ఏకాంబరం

* * *

తిరువళ్ళూరు
సెప్టెంబరు 4

అన్నకు,

అన్న అనే రాశాను. నీమీద కోపం పోలేదు, దాన్ని పక్కన పెట్టాను. ముందు పెట్టాల్సిన చోటు వేరే ఉండింది.

ఆసుపత్రిలో అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి "సద్దు వినిపిస్తే మీట నొక్కు" అన్నారు. కొన్నిటికి నొక్కాను. మధ్యలో చాలాసేపు ఏమీ రాలేదు. మిషను పాడైందేమో అనుకున్నాను. పాడు కాలేదంట. ఆ సేపంతా సద్దు వస్తూనే ఉందంట. కాగితం మీద గీత బాగానే నడిచి నడిచి ఒకచోట గుంటలో పడింది, కుడి చెవిది లోతుగా. డాక్టరమ్మ చెప్పింది, పోయింది రాదు, ఉన్నది నిలుస్తుంది, ఆ ప్రెస్సు దగ్గర ఇంకో రెండేళ్ళు నిలబడితే మాటలు పోతాయి అని. నీ జాబు లేకపోతే ఆ రెండేళ్ళు నిలబడి ఉండేదాన్ని. అది కూడా రాస్తున్నాను. నిజం కాబట్టి.

పోయిన బుధవారం ఆడిట్. పసుపు మఫ్‌లు బయటికొచ్చాయి. సాయంత్రం పెరుమాళ్ అట్టపెట్టె పట్టుకొని వచ్చాడు. నేను ఇవ్వలేదు.

"ఇయ్ మా, ఆడిట్ వాళ్ళు పోయినారు కదా."

"చెవులు యాడికీ పోలేదు కదా."

మంజు కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత ఇంకా నలుగురు. తలకాయల మీద పసుప్పచ్చ మఫ్‌లు పెట్టుకొని వరసగా నిలబడ్డాం. పెరుమాళ్ ఏదో అరిచాడు, ఎవరికీ వినపడలేదు. నవ్వొచ్చింది. ఆఫీసుకు పిలిచారు. టేబుల్ మీద తెల్ల కాగితం పెట్టి, ఇష్టం లేకపోతే సొంత కారణాలని రాసి పొమ్మన్నారు. ఆ కాగితం మీద నేను ఆసుపత్రి వాళ్ళిచ్చిన గీత కాగితం పెట్టాను. "నాకు సొంతమైంది చెవులొక్కటే, కారణాలు మీవి" అన్నాను. నీ పేరు, బాలసుబ్రమణ్యం చొక్కా, అన్నీ అరిచి చెప్పాను. ఇప్పుడు అందరికీ తెలుసు నీకు చెవుడని. క్యాంటీన్లో ఎవరూ నవ్వలేదు. బాలసుబ్రమణ్యం గ్లాసు అట్లే పెట్టి లేచిపోయాడు. నిన్ను పరధ్యానం మనిషివని ఇంతకాలం తిట్టుకుంటున్నాడంట.

మఫ్‌లు మా దగ్గరే ఉన్నాయి. నన్ను ప్యాకింగ్‌కు మార్చారు, అది శిక్ష అనుకుంటున్నారు. నాలుగో నెంబరు దగ్గర ఇప్పుడు మంజు. పోయే ముందు గార్డు మీద నీ 'తురు' కింద నేనూ ఒక మాట గీకాను, తమిళంలో.

అది చెప్పాలి నీకు. చంద్రుకు ఫోన్ చేసి క్షమించమన్నాను. నా బతుకులో మొదటిసారి. వాడు "అక్కా, ఆ పాట మధ్యలోనించి విని చూడు" అన్నాడు. విన్నాను. వరదన్ మొదట్లో ఊపిరి తీసి తీసి అంటాడు కదా, కాదే, మర, కాదే, మర అని. ఎనిమిదో నిమిషం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి తీయడం మానేస్తాడు. మాటలు కలిసిపోతాయి. మర-కాదే, మర-కాదే. మరక్కాదే. తమిళంలో అంటే మరిచిపోవద్దు. రెండొందల సార్లలో మొదటి నూరూ 'చెవీ మరిచిపో', తర్వాత నూరూ 'మరిచిపోవద్దు'. నేను రోజూ నాలుగో నిమిషంలో తిట్టి ఆపేసేదాన్ని. నువ్వు విననే లేదు, నీ అర్థం నీది. ఏది సరో ఆ వరదన్‌కే తెలియాలి. గార్డు మీద గీకింది ఆ మాటే. మరక్కాదే.

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. ఆ సైజు అయిదు చెప్పులు ఎవరికీ ఇవ్వొద్దు, నావి తెగిపోయాయి. నా పాతవి నీ స్టాండులో పెడతాను, టోకెన్ ఇవ్వు. నోటు పుస్తకం తెస్తున్నాను, రెండు పెన్నులు. ఎదురెదురుగా కూర్చొని రాసుకుందాం. పక్కన నిలబడి నిన్ను తిట్టాలంటే అది ఒక్కటే దారి.

కూత ఇంకా ఉంది. మిద్దె మీద ఇప్పుడు రోజూ నిలబడుతున్నాను. రైలు పోయాక అది వస్తుంది. మొదట భయం వేసేది. ఇప్పుడు, తిరుత్తణిలో అన్నకు కూడా ఇదే సమయానికి ఇదే వినిపిస్తుంటుంది అనుకుంటాను. బస్సులో ఒకటే వైరు, నీకొకటి నాకొకటి. తగ్గించన్నా, చెవి పగులుతుంది అనేదాన్ని.

తగ్గించన్నా.

యువా